క్వెన్యాలో వీడ్కోలు దీవెన: చిక్కు క్రియ దగ్గరే

రచయిత టోల్కీన్ తన కథల్లోని ఎల్ఫుల కోసం సృష్టించిన భాష క్వెన్యా. అందులో చిన్ననాటి స్నేహితురాలి వీడ్కోలు కార్డుకు మీరు రాసుకున్న దీవెన ఎందుకు అతకట్లేదని అడిగారు. మాటలు సరైనవే, కాలమే తప్పింది. "నీ దారిపై నక్షత్రాలు వెలగాలి" అన్నదానికి మీరు రాసిన "నై ఎలెని సీలర్ తియెల్యన్న"లో 'సీలర్' వర్తమానం. అందుకే అతకట్లేదు.

1. 'నై' అంటేనే 'అలా అవుగాక'. దాని వెనక క్రియ భవిష్యత్తులో రావాలి. ఎక్కువమంది జారేది ఇక్కడే, ఎందుకంటే మన 'వెలుగుగాక'లో భవిష్యత్తు పైకి కనిపించదు. నిఘంటువు చూసి మాటకు మాట పెడితే ఈ సంగతి అసలు తెలియదు. 'సిల్' (వెలుగు) అనే ధాతువుకి 'ఉవ' చేర్చండి: సిలువ. టోల్కీన్ స్వయంగా రాసిన దీవెనల్లోనూ 'నై' తర్వాత ఈ '-ఉవ' రూపమే ఉంటుంది.

2. 'ఎలెని' (నక్షత్రాలు) బహువచనం కాబట్టి క్రియ చివర 'ర్': సిలువర్.

3. తియె (దారి) + ల్య (మీ) + న్న (మీదికి). ఈ వరుస మార్చొద్దు. '-ల్య' మర్యాద రూపం. చిన్ననాటి స్నేహితురాలికి అన్నారు కదా, 'నీ' అనే చనువు కావాలంటే '-త్య' పెట్టొచ్చు. నేనైతే '-ల్య'నే ఉంచుతాను, దీవెనకు ఆ నిండుదనం బాగుంటుంది.

కార్డు మీద ఇలా రాయండి:

నై ఎలెని సిలువర్ తియెల్యన్న. నమారియె!

'నమారియె' అంటే 'క్షేమంగా ఉండు', వీడ్కోలు మాట అదే.