లోకాన్ని చేసినవాడి కంటే ముందు పుట్టిన దేవుళ్ళు

"ఈ లోకాన్ని ఎవరు చేశారన్న ఆలోచన నుంచే అన్ని దేశాల్లోనూ దేవుళ్ళు పుట్టారా?" అని అడిగారు. నాకైతే అలా అనిపించదు. నేను తిరుపతిలో పుట్టి పెరిగినవాణ్ణి. లోకం ఎలా వచ్చిందని మా వీధిలో ఏ అవ్వా బెంగపడగా చూడలేదు. ఎవరికి మొక్కితే బిడ్డ లేచి తిరుగుతాడన్నదే వాళ్ళ బెంగ.

పరిశోధకులు చెప్పే కారణం ఒకటి ఎక్కువగా వినిపిస్తుంది. పొదలో అలికిడైతే గాలేలే అనుకున్నవాడి కంటే, ఏదో ఉందని ఉలిక్కిపడినవాడే బతికి బట్టకట్టాడట. ఆ ఉలికిపాటే మనదాకా వచ్చిందని, అందుకే పిడుగులోనూ వరదలోనూ మనకు 'ఎవరో' కనిపిస్తారని అంటారు. 2023లో అలిపిరి మెట్లదారిలో చిరుత ఒక పాపను పొట్టన పెట్టుకున్నాక ఆ దారిన నడిచినవాళ్ళకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. కర్ర చేతికిచ్చి గుంపుగా పంపినా, ఆకు కదిలితే అందరి చూపూ అటే. సరే, కానీ చిరుతకు భయపడతాం, పొంగలి పెట్టం కదా!

పొంగలి దాకా ఎలా వెళ్తామో నాకు చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు తెలిసింది. మా అవ్వ ఇంట్లో తాళింపు పెట్టనివ్వలేదు. వేపాకు పరిచి నన్ను దానిమీద పడుకోబెట్టింది. నాతో కంటే నా ఒంటిమీది అమ్మతోనే ఎక్కువ మాట్లాడింది: "బిడ్డ తాళలేడు తల్లీ, సల్లంగా దిగిపో. జాతరకు వేషం కట్టిస్తా." అన్నట్టే ఆ ఏడు గంగజాతరలో ఒళ్ళంతా నామకొమ్ము పూసి, చేతికి వేపమండ ఇచ్చి, నాకు బైరాగి వేషం కట్టించారు. రోగంతో బేరమాడలేం. రోగాన్ని అమ్మను చేస్తే బతిమాలొచ్చు, అలగొచ్చు, జాతరలో బూతులు కూడా తిట్టొచ్చు. (మా జాతరలో తిట్టు కూడా మొక్కే.)

ఇది మన ఒక్కరి తీరే అయితే ఇంత చెప్పేవాణ్ణి కాదు. మశూచికి ఉత్తరాదిన శీతలమ్మ ఉంది, చైనాలో ఒక దేవత ఉండేది, నైజీరియా యోరుబాలకు షోపోనా ఉన్నాడు. అతని పేరు పైకి అనడానికే వాళ్ళు జంకేవాళ్ళు. ఒకరినొకరు ఎరగనివాళ్ళు ఒకే జబ్బుకు ఒకే మందు వేశారు. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి పోయిందని ప్రకటించింది. మా ఊరి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మకు అన్నగారైన వెంకన్న ఇంటి సారె మాత్రం ఇప్పటికీ తిరుమల నుంచి వస్తూనే ఉంది.

ఇంకో అవసరం సాక్షి. కాణిపాకంలో కోనేట్లో మునిగి తడిబట్టలతో ప్రమాణం చేయమంటే, కాగితం మీద ధైర్యంగా అబద్ధమాడినవాడు కూడా నసుగుతాడు. బాబిలోనియాలో న్యాయానికి దేవుడు సూర్యుడు షమాష్. గ్రీసులోని ఒలింపియాలో ఆటగాళ్ళు మోసం చేయబోమని జ్యూస్ దేవుడి విగ్రహం ముందు ఒట్టేసేవాళ్ళు. ముక్కూమొహం తెలియనివాళ్ళతో బేరాలు పెరిగాకే ఇలాంటి దేవుళ్ళు పెద్దవాళ్ళయ్యారని కొందరంటారు. ఏది ముందో ఇంకా తేలలేదు.

ఇక లోకాన్ని చేసినవాడి సంగతి. యోరుబాల ఒలోడుమారే అందరికంటే పైవాడే, కానీ అతనికి గుడి కట్టరు, పనులున్నది కిందివాళ్ళతోనే. మన బ్రహ్మకూ గుళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. గంగమ్మ గుడి లేని ఊరు మా జిల్లాలో ఎక్కడుందో మీరే వెతికి చెప్పండి.