భయపెట్టిందా, భయం వేసిందా?

సందేహం:

మాస్టారికి నమస్కారం. మాది గుంటూరు. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్ళినప్పుడు ‘ది హంగర్ గేమ్స్’ నవలా, దాని తర్వాత వచ్చిన ‘క్యాచింగ్ ఫైర్’ కొన్నాను. హాస్టల్లో ఐదుగురం ఒకరి తర్వాత ఒకరం చదివాం. మొదటిది అందరికీ నచ్చింది. రెండోదాని మీద మాత్రం రాత్రి పొద్దుపోయేదాకా వాదించుకున్నాం. ఎవరి అభిప్రాయం వాళ్ళు రాసి కాలేజీ గోడపత్రికకు ఇచ్చాం. ఒకమ్మాయి ‘ఈ సీక్వెల్ నన్ను నిరాశపరచింది’ అని రాసింది. ఇంకో అమ్మాయి ‘నేను ఈ పుస్తకాన్ని ప్రేమించాను’ అని రాసింది. మూడో అమ్మాయి ‘చదువుతుంటే భయమేసింది, ఆఖర్న ఉసూరుమనిపించింది’ అని రాసింది. మా మేడం మొదటి రెండూ ఉంచి, మూడోది మాట్లాడుకునే భాష, రాతలో బాగుండదని కొట్టేశారు. నాకేమో ఆ కొట్టేసిన వాక్యమే బాగుందనిపించింది. ఎందుకో చెప్పలేకపోయాను. ఈ మూడింటిలో ఏది సరైన తెలుగు? సీక్వెల్‌కు తెలుగులో మాట ఉందా? ‘భయమేసింది’ అని కలిపి రాయవచ్చా?

సమాధానం:

అమ్మా, మీ చెవి మిమ్మల్ని మోసం చెయ్యలేదు. మూడింటిలోనూ మంచి తెలుగు ఆ కొట్టేసిన వాక్యమే. మొదటిది తప్పు కాదు, కానీ ఎక్కడ వాడాలో చూసుకుని వాడాలి. రెండోది మాత్రం తెలుగు మాటలతో రాసిన ఇంగ్లీషు వాక్యం.

ఎవరైనా ఒక పుస్తకం చదివి పక్కన పెట్టగానే మనం ఏమని అడుగుతాం? ‘ఎలా అనిపించింది?’ అంటాం. ‘పుస్తకం నిన్ను ఏం చేసింది?’ అని అడగం. ఈ చిన్న ప్రశ్నలోనే తెలుగువాడు అనుభవాన్ని చెప్పే పద్ధతి ఉంది. మనకు మనసులో కలిగేవాటికి మనం కర్తలం కాము. అవి మన దగ్గరికి వస్తాయి, మన మీద పడతాయి, మనలో పుడతాయి. అందుకే ‘నేను’ పోయి ‘నాకు’ వస్తుంది. నాకు భయం వేసింది, నాకు కోపం వచ్చింది, నాకు విసుగు పుట్టింది, నాకు ఆశ కలిగింది, నాకు దిగులు పట్టుకుంది. బడిలో ‘కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ షష్ఠీ విభక్తి’ అని వల్లెవేసిన ఆ ‘కున్’ చేసే పెద్ద పని ఇదే.

ఇందులో ఏ భావానికి ఏ క్రియ జత అన్నది కూడా భాష ఎప్పుడో తేల్చేసింది. భయం, జాలి, సిగ్గు, ముచ్చట, ఆశ్చర్యం వేస్తాయి. ఆకలి, దాహం, చలి కూడా వేసేవే. నవ్వు, ఏడుపు, కోపం వస్తాయి. ‘ఏడుపు వేసింది’ అని మూడేళ్ళ పిల్ల కూడా అనదు. లోపల ఉండిపోయేవి వేస్తాయనీ, మొహం మీదికో గొంతులోకో వచ్చి బయటపడేవి వస్తాయనీ నాకు తోస్తుంది. ఇది గట్టి సూత్రం కాదు. నిద్ర బయటపడేది కాకపోయినా వస్తుంది, సిగ్గు మొహంలో తెలిసిపోయేదే అయినా వేస్తుంది. కానీ ఒక్కసారి ఈ జతలు మనసులో పెట్టుకుని మీ ఐదుగురి అభిప్రాయాలూ మళ్ళీ చదవండి. ఎవరు పుస్తకం మూసిన క్షణంలో కలిగింది రాశారో, ఎవరు ఎక్కడో చదివిన సమీక్షల మాట రాశారో మీకే తెలుస్తుంది.

ఇక ‘నిరాశపరచింది’ సంగతి. దీన్ని చూడగానే ఇంగ్లీషు అనువాదం అని కొట్టిపారేసేవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. సంతోషపరచు, సిగ్గుపరచు, భయపెట్టు, బాధపెట్టు, విసిగించు అన్నీ మన క్రియలే. ప్రాణం లేని పుస్తకం కర్తగా ఉండకూడదన్న వాదన కూడా నిలవదు. ‘పుస్తకం ఏకబిగిన చదివించింది’ అంటాం. అంతకన్నా తెలుగు వాక్యం ఏముంటుంది? తేడా అర్థంలో ఉంది. ‘భయపెట్టింది’ అన్నప్పుడు చేసినవాళ్ళ మీద వేలు చూపిస్తాం. ‘భయం వేసింది’ అన్నప్పుడు మనకు జరిగింది చెబుతాం.

ఈ తేడాకు మీరు చదివిన నవలే చక్కటి ఉదాహరణ. ఆ కథలోని దేశంలో 12 జిల్లాలు. ఏటా ఒక్కో జిల్లా నుంచి ఒక అబ్బాయినీ ఒక అమ్మాయినీ, 12 నుంచి 18 ఏళ్ళ లోపు పిల్లల్ని, మొత్తం 24 మందిని లాక్కెళ్ళి ఒకరినొకరు చంపుకునే ఆటలోకి దింపి దేశమంతటికీ టీవీలో చూపిస్తారు. ఎందుకు? జనాన్ని భయపెట్టడానికి. రెండో పుస్తకం మొదట్లోనే అధ్యక్షుడు స్నో, గెలిచి వచ్చిన కాట్నిస్ ఇంటికే వచ్చి కూర్చుని, నువ్వు సరిగ్గా నడుచుకోకపోతే నీ వాళ్ళు ఉండరన్నట్టు మాట్లాడతాడు. అది భయపెట్టడం. అక్కడ కర్త ఉన్నాడు, ఉద్దేశం ఉంది, ‘పెట్టు’ అన్న క్రియకు న్యాయం ఉంది. ఆ పేజీలు చదువుతూ గుంటూరు హాస్టల్లో మంచం మీద కూర్చున్న మీ స్నేహితురాలికి జరిగింది వేరు. ఆమెకు భయం వేసింది. ఈ రెండింటికీ ఒకే క్రియ వాడితే పాలకుడు చేసేదీ పాఠకురాలికి జరిగేదీ ఒకటే అయిపోతాయి.

మూడో రూపం కూడా ఉంది, ‘భయపడు’. దీనికి కర్త ‘నేను’. ‘నేను భయపడను’ అని తెగించి చెప్పవచ్చు, ఎందుకంటే అందులో మన లొంగుబాటు ఎంతో కొంత ఉంది. భయం వెయ్యడం మన చేతిలో లేదు, భయపడి ఆగిపోవడం మన చేతిలో ఉంది. 75వ పోటీకి పాత విజేతలనే మళ్ళీ పంపిస్తామని ప్రకటించినప్పుడు కాట్నిస్‌కు భయం వెయ్యకుండా ఉందా? వేసింది. భయపడి ఆగిపోలేదు. ఆ పాత్ర గురించి రాయబోయేవాళ్ళకు ఈ రెండు క్రియలు చాలు.

కాబట్టి ‘నన్ను నిరాశపరచింది’ అని రాసిన అమ్మాయిని ఒక మాట అడగండి. రచయిత్రి తనకు మాట ఇచ్చి తప్పిందని ఆమె అభిప్రాయమా? అయితే ఆ వాక్యం అలాగే ఉంచవచ్చు, అది అభియోగం. అలా కాక, మళ్ళీ అదే పోటీ, మళ్ళీ అదే అడవి అన్నట్టు ఉందనీ, ఇంకేదో ఆశించి చదివాననీ ఆమె భావమైతే ‘నాకు నిరాశ కలిగింది’ అని రాయాలి. ఇంకా దగ్గరి మాట ‘ఆశాభంగం’. మొదటి భాగం పెట్టిన ఆశే రెండో భాగంలో విరుగుతుంది కాబట్టి ఇలాంటి పుస్తకాలకు ఆ మాట సరిగ్గా అతుకుతుంది. ఇంట్లో మాట్లాడుకునేటట్టు ‘అనుకున్నంత లేదు’ అన్నా చాలు. అందులో నిందా లేదు, దాపరికమూ లేదు.

ఇక్కడే ఇంకో ‘కు’ గురించి చెప్పాలి. ‘గాలి తలుపును మూసింది’ అని ఇంగ్లీషులో నడుస్తుంది. మనం ‘గాలికి తలుపు మూసుకుపోయింది’ అంటాం. రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయి అన్న సామెత గుంటూరు ఎండల్లో పెరిగినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. రోళ్ళను ఎండలు పగలగొట్టాయని మనం అనం. కారణాన్ని కర్తను చెయ్యకుండా ‘కు’ చేర్చి పక్కన నిలబెడతాం. పుస్తకం గురించీ అలాగే చెప్పవచ్చు: ‘ఆ ముగింపుకు నాకు కోపం వచ్చింది’. ఒకే వాక్యంలో రెండు ‘కు’లు. ఒకటి కారణం చెబుతుంది, ఒకటి అనుభవించినవాళ్ళను చెబుతుంది. ‘ఆ ముగింపు నాకు కోపాన్ని తెప్పించింది’ కన్నా ఇది చిన్నది, నోటికి హాయిగా ఉంటుంది.

‘నేను ఈ పుస్తకాన్ని ప్రేమించాను’ గురించి ఎక్కువ చెప్పను. తెలుగులో ప్రేమించడం మనుషులతో ముడిపడిన పని. పుస్తకం ‘నచ్చుతుంది’. మరీ నచ్చితే ‘ప్రాణంగా చూసుకుంటాం’. ‘నచ్చు’ చిన్న మాట అనుకోకండి. పాత తెలుగులో దానికి నమ్మడం అన్న అర్థం కూడా ఉంది, ‘నచ్చజెప్పడం’లో అది ఇప్పటికీ మిగిలి ఉంది. ఇంకా గట్టిగా చెప్పాలనుకుంటే ‘కింద పెట్టబుద్ధి కాలేదు’ అనమనండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన మాటకు వస్తున్నాను, ‘ఉసూరుమనిపించింది’. ఉస్సురనడం అంటే నిట్టూర్చడం. ప్రాణవాయువైన ‘ఉసురు’ బయటికి పోయే చప్పుడే ఆ మాటలో ఉంది. దానికి ‘అనిపించు’ చేరింది. చదవడం అయ్యాక మనిషి నోటి నుంచి వచ్చిన చప్పుడును అలాగే క్రియలో ఉంచి వాక్యంగా మార్చే పద్ధతి ఇది. ‘అయ్యో అనిపించింది’, ‘ఔరా అనిపించింది’, ‘ఛీ అనిపించింది’. చప్పుడు కూడా బయటికి రాకపోతే ఒంట్లో జరిగినదానికే మాట కడతాం: గుండె గుభేలుమంది, ఒళ్ళు జలదరించింది, మనసు చివుక్కుమంది. చివుక్కుమనడం వేరు, కలుక్కుమనడం వేరు. మొదటిదాంట్లో చిన్నబుచ్చుకోవడం ఉంది, రెండోదాంట్లో లోపల ముల్లు కదిలినట్టుండే నొప్పి ఉంది. ‘నిరాశ’ ఒక్కటే పట్టుకుని కూర్చుంటే ఈ తేడాలన్నీ పోతాయి. ఆ నవల మూడో భాగానికి ముడి వేసి, కథ తెగకుండానే ఆగుతుంది. అక్కడికి వచ్చిన పాఠకురాలికి కలిగేది నిరాశ కాదు, ఊపిరి బిగబట్టి పరిగెత్తి వచ్చాక ఒక్కసారిగా నిలిచిపోయినప్పటి నిట్టూర్పు. కథంతా కాట్నిస్ నోటితోనే, ఇప్పుడే జరుగుతున్నట్టు వర్తమాన కాలంలో సాగుతుంది కాబట్టి ఆ బిగపట్టడం మరీ ఎక్కువ. మీ స్నేహితురాలు దానికి సరైన మాట పట్టుకుంది.

మీ మేడం ఉద్దేశం నాకు అర్థమవుతోంది. పిల్లలు రాతలో నిర్లక్ష్యంగా ఉంటారేమోనని ఆమె టెన్షన్. కానీ మాట్లాడుకునేది కాబట్టి రాయకూడదన్న కట్టుబాటును తెంచడానికే గిడుగు రామమూర్తి పంతులు గారు (1863–1940) తన జీవితం వెచ్చించారు. ఉసూరుమనడం చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ అనే మాట, నిఘంటువుల్లో ఉన్న మాట. దయచేసి ఆమెతో గౌరవంగా మాట్లాడి, ఆ వాక్యాన్ని మళ్ళీ గోడపత్రికలో పెట్టించండి. ఇది నేను మనస్ఫూర్తిగా అడుగుతున్నాను.

సీక్వెల్‌కు తెలుగు మాట ఉందా అన్నారు. ‘ఉత్తర’ అన్న మాట ఆ పని వందల ఏళ్ళు చేసింది. తిక్కన నిర్వచనోత్తర రామాయణం, నాచన సోముడి ఉత్తర హరివంశం, కంకంటి పాపరాజు ఉత్తర రామాయణం. పట్టాభిషేకంతో ముగిసిన కథకు తర్వాతి కథ చెప్పిన తిక్కన, పాఠకులు ఎలా తీసుకుంటారోనని ఆలోచించినట్టే ఉంది. ‘మా తాత, గుంటూరి విభుడైన మంత్రి భాస్కరుణ్ణి తలచుకునైనా లోకం నా కావ్యాన్ని ఆదరిస్తుంది’ అన్నాడు. మీ ఊరి పేరు తెలుగులో ఒక కొనసాగింపు కావ్యం మొదట్లోనే ఉందని మీ స్నేహితులకు చెప్పండి.

మా ఇంట్లో పారాయణం పట్టాభిషేకంతో ఆగిపోయేది. చాలా ఇళ్ళలో అంతే. నేను పదో తరగతిలో ఉండగా ఉత్తరకాండ తీసి చదవబోతే మా అమ్మ ‘అది వద్దురా, దిగులేస్తుంది’ అంది. ఆమె ఏ వ్యాకరణమూ చదవలేదు. ‘ఆ కాండ నిన్ను బాధపెడుతుంది’ అని ఆమె నోటికి రాలేదు. చదివాను, దిగులేసింది. సుఖంగా ముగిసిన కథ మళ్ళీ మొదలైతే మనుషులకు ఏమవుతుందో ఆ మాటలో ఉంది.

వారపత్రికల సీరియల్ కాలంలో మాకు ‘తరువాయి వచ్చేవారం’, ‘సశేషం’ అన్న మాటలు ఉండేవి. విజయవాడ గాంధీనగర్‌లోని రామమోహన గ్రంథాలయంలో పత్రిక చేతికి అందగానే ముందు ఆ పేజీ తిప్పేవాళ్ళం. కానీ అవి ఒకే కథలో మిగిలినదానికి వాడే మాటలు, పూర్తయిన పుస్తకం తర్వాత వచ్చే కొత్త పుస్తకానికి అతకవు. ‘రెండో భాగం’ అందరికీ తెలుస్తుంది. వ్యాసంలో అయితే ‘కొనసాగింపు నవల’ అనండి. ‘సీక్వెల్’ అన్నా నాకు అభ్యంతరం లేదు, సినిమాల పుణ్యమా అని అది ఊరూరా తెలిసిన మాట. అరువు మాట వాడితే తెలుగు చెడదు. ‘సీక్వెల్ నాకు నచ్చలేదు’ పూర్తిగా తెలుగు వాక్యమే.

చివరిగా కలిపి రాయడం. ‘వేసింది’లోని వకారం మాటల్లో జారిపోయి భయమేసింది, జాలేసింది, సిగ్గేసింది అవుతాయి. ఎవరో అన్న మాటను ఉన్నదున్నట్టు రాస్తున్నప్పుడూ, ఇలాంటి సొంత అభిప్రాయాల్లోనూ అలాగే కలిపి రాయండి. పరీక్ష పేపర్లో, వ్యాసంలో ‘భయం వేసింది’ అని విడదీయండి. ‘భయం ఏసింది’ అని మాత్రం రాయవద్దు. విడదీసినప్పుడు వకారం తిరిగి రావాలి.