సింధూకి, ఐండ్‌హోవెన్ విమానం ఎక్కేముందు

సింధూ తల్లీ,

నీకు నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఉద్యోగం వచ్చిందని అక్క ఫోన్లో చెప్పగానే పాలబ్బాయితో సహా అందరికీ చెప్పేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నా భయం అక్కడి చలి గురించి కాదే, నీ రోషం గురించి. పెదనాన్న నిన్ను బక్కపీచు అన్నాడని అన్నం మానేసి అటక మీద కూర్చున్న పిల్లవి నువ్వు. ఆ దేశంలో ఆఫీసు నిండా అలాంటి పెదనాన్నలే ఉంటారు.

ముందు మామూలు సంగతులు. దిగగానే మునిసిపాలిటీలో పేరు నమోదు చేయించుకో, వాళ్ళిచ్చే బీఎస్ఎన్ అనే గుర్తింపు నంబరే ఆ తర్వాత అన్నిచోట్లా అడుగుతారు. గొడుగు మోసుకెళ్ళకు, ఆ గాలికి నిలవదు, మంచి రెయిన్‌కోటు కొనుక్కో. చెప్పాపెట్టకుండా ఎవరింటికీ వెళ్ళకు. సాయంత్రం ఆరింటికైతే అసలే వద్దు, అది వాళ్ళు భోంచేసే వేళ.

సైకిలు సంగతి మాత్రం మళ్ళీ మళ్ళీ చెప్తాను, విసుక్కోకు. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు. లేకపోతే పోలీసులు జరిమానా వేస్తారు. జరిమానా పోతే పోయింది, డిసెంబరులో సాయంత్రం అయిదు కాకుండానే చీకటి పడుతుంది, వర్షంలో రోడ్డు కనపడదు. రెండు లైట్లూ వెలిగించి ఫొటో పెట్టు. నవ్వు, కానీ పెట్టు.

పుట్టినరోజు నీదైతే కేకు నువ్వే ఆఫీసుకి పట్టుకెళ్ళాలి. ఎవరైనా పుట్టినరోజుకి ఇంటికి పిలిస్తే, ఆ మనిషికే కాదు, వాళ్ళ అమ్మకీ మొగుడికీ కూడా అభినందనలు చెప్పాలి. తర్వాత గుండ్రంగా వేసిన కుర్చీల్లో కూర్చుంటే కాఫీ, ఒక కేకు ముక్క ఇస్తారు. వద్దంటున్నా వడ్డించే ఇంట్లో పెరిగావు కాబట్టి రెండో ముక్క కోసం చూస్తావు. చూడకు. యాభై నిండిన ఆడమనిషి ఇంటి ముందు బైబిల్లోని సారా అనే ముసలావిడ బొమ్మ పెడతారు, మగవాళ్ళకైతే ఆమె మొగుడు అబ్రహాముది. "నీకింకా యాభై ఏళ్ళయినా లేవు, అబ్రహామును చూశావా" అని బైబిల్లో ఒక మాట ఉందిలే, దాన్నుంచి పుట్టిన వేళాకోళం. మేము అక్కడ ఉన్నప్పుడు నాకూ పెట్టారు. మా పక్కింటావిడ పాత కర్టెన్‌ని చీరలా చుట్టి, దాని నుదుట లిప్‌స్టిక్‌తో బొట్టు కూడా దిద్దింది. కుచ్చిళ్ళు మాత్రం వెనక్కి వచ్చాయి.

అసలు చెప్పాల్సింది మీ బాబాయి చేసిన పని. ఆయన పక్క గదిలో పేపర్ చదువుతున్నారు, అందుకే ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నా.

డిసెంబరు 5 వాళ్ళకి సింటర్‌క్లాస్ అనే, క్రిస్మస్ తాతలాంటి ముసలాయన పండుగ. పిల్లలకి బహుమతులు, పెద్దవాళ్ళకి చీట్లు. నీకు ఎవరి పేరు వస్తే వాళ్ళకి ఒక చిన్న బహుమతి కొని, దాన్ని అట్టలతో చేసిన ఏదో బొమ్మలో దాచి, ఒక పద్యం రాయాలి. రాసినవాళ్ళ పేరుండదు, సింటర్‌క్లాసే రాసినట్టు ఉంటుంది. అందుకున్నవాళ్ళు దాన్ని అందరి ముందూ పైకి చదవాలి. ఆ పద్యం నిండా ఏముంటుందనుకున్నావు? ఆ మనిషి లోపాలు. మన పెళ్ళిళ్ళలో వియ్యపురాలి మీద కట్టే పాటలు గుర్తున్నాయా, అచ్చం అదే వరస.

ఈ సంగతి ఎవరో చెప్పినా బాబాయి చెవికెక్కలేదు. ఆయనకి మేనేజరు పేరు వచ్చింది. ఇంకేం, పోతన పూనాడు. మీరు మర్రిచెట్టు నీడ, మీ జ్ఞానం సముద్రం అంటూ ఇంగ్లీషులో పేజీ నిండా రాశారు. ఆయన కోసం వండిన పకోడీలు పట్టుకుని నేనూ వెళ్ళాను ఆ రోజు. మేనేజరు చదవడం మొదలుపెట్టాడు. ప్రతి లైను తర్వాతా చురక ఎక్కడుందా అని ఆగుతున్నాడు. అయిపోయాక కాగితం తిప్పి వెనక చూశాడు, అసలు పద్యం అటువైపు ఉందేమోనని! ఎవరో పకపకా నవ్వారు. ఇంతలా పొగిడారంటే పచ్చి వెటకారమని వాళ్ళ లెక్క. బాబాయి లేచి నిలబడి, "లేదు లేదు, మనస్ఫూర్తిగా రాశాను" అన్నారు. ఆ నవ్వు కూడా ఆగిపోయింది.

తర్వాత ఈయన వంతు. పెట్టె విప్పితే అట్టముక్కలతో చేసిన ట్రాఫిక్ సిగ్నల్. మూడు దీపాలూ పచ్చవే. ఏది అడిగినా ముందు సరే అంటాడు, శుక్రవారం సాయంత్రం దాకా కుదరదని చెప్పడు అని పద్యం. అక్షరం అక్షరం నిజం, ఇంట్లో నేను రోజూ మొత్తుకునేదే. ఆయన మొహం కందగడ్డ అయింది. సగంలో మడిచి జేబులో పెట్టేశారు, వచ్చి అన్నం తినకుండా పడుకున్నారు. ఆ చలికాలమంతా క్యాంటీన్‌కి వెళ్ళకుండా తన సీట్లోనే ఒంటరిగా డబ్బా తిన్నారు. ఆ పచ్చ దీపాలు కత్తిరించి అంటించడానికి ఎవడో ఒక సాయంత్రమంతా కూర్చుని ఉంటాడు కదండీ అని నేనంటే, "నువ్వు వాళ్ళ పక్షమే" అన్నారు. పాపం, మంచి మనిషే. నువ్వు ఆయన పోలికే, అందుకే ఇంత రాస్తున్నా.

వాళ్ళ హాస్యానికి పదునెక్కువ. డిసెంబరు 31 రాత్రి టీవీలో ఒక్క మనిషి వేదిక మీద నిలబడి ఏడాదంతటినీ ఏకిపారేస్తాడు. 1989లో యూప్ ఫాన్‌ట్ హెక్ అనే ఆయన బక్లర్ అనే, మద్యం దాదాపు లేని బీరు తాగేవాళ్ళని ఎంత ఆటపట్టించాడంటే, అమ్మకాలు పడిపోయి కొన్నేళ్ళకే హైనెకెన్ కంపెనీ ఆ దేశంలో దాన్ని మానుకుంది. బెల్జియం వాళ్ళు తెలివితక్కువవాళ్ళని వీళ్ళూ, వీళ్ళు పిసినారులని వాళ్ళూ జోకులు చెప్పుకుంటారు. మొహం మాత్రం బిగించుకుని చెప్తారు, అది జోకని తెలిసేసరికి నువ్వు ఇంటికి చేరి ఉంటావు.

అన్నీ పడమనడం లేదు. రంగు గురించో దేశం గురించో ఎవరైనా కూస్తే నవ్వకు, అక్కడికక్కడే బాగాలేదని చెప్పు. సూటిగా చెప్తే వినే మనుషులే వాళ్ళు. నీ నత్తనడక గురించో, నీ ఇంగువ వాసన గురించో అంటే మాత్రం వెంటనే తిరిగి ఒకటి అను. నీ నోటికి ఆ శక్తి ఉంది, అక్కని అడుగు.

నవంబరులో చీటీ తీయగానే ఎవరి పేరు వచ్చిందో నాకు చెప్పు, ఆ మనిషి చెడ్డ అలవాట్లన్నీ వివరంగా రాసి పంపు. ప్రాసలు నేను చూసుకుంటాను. బాబాయికి మాత్రం చూపించకు. పొగిడేస్తారు.

మీ పిన్ని