ఇంట్లో రాసుకున్న యాప్ కంపెనీదవుతుందా?

ప్రశ్న: హైదరాబాద్‌లో బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. ఊళ్లో నాన్నగారి ఎరువుల షాపు కోసం రాత్రిళ్లు కూర్చుని స్టాకు లెక్కల యాప్ రాశాను. ఇప్పుడు పక్క షాపులవాళ్లూ కొంటామంటున్నారు. ఉద్యోగం మానేసి ఇదే చూసుకుందామని ఉంది. కానీ నేను సంతకం పెట్టిన అగ్రిమెంట్‌లో ‘ఉద్యోగకాలంలో తయారుచేసిన ప్రతిదీ కంపెనీదే’, ‘మానేశాక ఏడాదిపాటు సొంతంగా సాఫ్ట్‌వేర్ వ్యాపారం చేయకూడదు’ అని ఉంది. టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: ముందు ఒక మాట చెప్పండి. ఆ యాప్ ఏ ల్యాప్‌టాప్‌లో రాశారు? మీ సొంతదానిలో అయితే సగం బెంగ తీరినట్టే. ఆఫీసుదైతే కంపెనీ లాయరు మొదట పట్టుకునేది దాన్నే.

1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌నూ సాహిత్య రచనగానే చూస్తుంది. సెక్షన్ 17 ప్రకారం ఉద్యోగ విధుల్లో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే మొదటి హక్కుదారు. యూరియా బస్తాల లెక్క మీ డ్యూటీ కాదు కాబట్టి ఇంతవరకు చట్టం మీవైపే ఉంది. చిక్కల్లా ఆ ‘ప్రతిదీ’ అన్న మాటతోనే. ఇకముందు రాయబోయేదాన్ని కూడా ముందే రాసిచ్చేయడానికి చట్టం ఒప్పుకుంటుంది. అందుకే ఆ పేరా మొత్తం చదవండి. ‘కంపెనీ వ్యాపారానికి సంబంధించిన’, ‘కంపెనీ వనరులతో చేసిన’ లాంటి మాటలుంటే మీ వాదన గట్టిది. ఎంతకాలానికి రాసిచ్చారో లేకపోతే, సెక్షన్ 19 ప్రకారం అయిదేళ్లకే అనుకోవాలి. ‘శాశ్వతంగా’ అని ఉందేమో చూసుకోండి, చాలావాటిలో ఉంటుంది.

ఏడాది ఆంక్షకు పెద్దగా భయపడక్కర్లేదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ముందు అది మామూలుగా నిలవదు. అయితే ఉద్యోగంలో ఉండగా పెట్టే కట్టడి చెల్లుతుందని సుప్రీంకోర్టు 1967లో గోలికరి కేసులో చెప్పింది. కాబట్టి రాజీనామా ఆమోదించి రిలీవ్ చేసేదాకా ఎవరికీ అమ్మకండి, అడ్వాన్సూ తీసుకోకండి.

రహస్యాల సంగతి వేరు. అవి మానేశాక కూడా కాపాడాల్సిందే. ఒకాయన చివరిరోజు ‘రేపు పనికొస్తుంది’ అని ఆఫీసు కోడ్‌ను సొంత జీమెయిల్‌కు పంపుకుని నా దగ్గరికి వచ్చారు. ఆయన కొత్త వ్యాపారానికి ఆ కోడ్‌తో అవసరమే లేదు, అయినా కేసు ఆ ఒక్క మెయిల్ మీదే నడిచింది. దురుద్దేశంతో అలా కాపీ చేస్తే ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు.

ఇప్పుడు చేయాల్సింది: యాప్ ఏ తేదీల్లో రాశారో చూపే రికార్డు చెరపకుండా భద్రం చేయండి. ఆ యాప్ మీద తమకు హక్కు లేదని హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోవడం మంచిదే. కానీ ఆ మెయిల్ కొట్టేముందు అగ్రిమెంట్ పట్టుకుని దగ్గర్లోని లాయరును ఒకసారి కలవండి.