పుస్తకం తెరవగానే చేయి ఫోన్ మీదికే

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఉద్యోగం చేస్తున్నాను. ప్రమోషన్‌కు రాయాల్సిన డిపార్ట్‌మెంట్ పరీక్షను రెండేళ్లుగా వాయిదా వేస్తున్నాను. రాత్రి పనులయ్యాక పుస్తకం తెరుస్తాను. పది నిమిషాలు కాకముందే ఫోన్ చేతిలో ఉంటుంది. చూస్తుండగానే గంట గడిచిపోతుంది. ‘నీకు పట్టుదల లేదు’ అంటారు మావారు. నిజమేనేమో అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ కూడా రెండేళ్లుగా ఆ పుస్తకాన్ని మీరు అటకెక్కించలేదు. పట్టుదల లేనివారు ఇలా ఉత్తరం రాయరు.

గ్లోరియా మార్క్ అనే అమెరికా పరిశోధకురాలు తెర ముందు మన చూపు ఒకేచోట ఎంతసేపు నిలుస్తుందో ఏళ్ల తరబడి కొలిచారు. 2004లో సగటున రెండున్నర నిమిషాలు ఉండేది, ఇటీవల 47 సెకన్లకు పడిపోయింది. నాకు ఇంకా ముఖ్యమనిపించింది ఆమె గమనించిన మరో సంగతి. పనికి కలిగే అంతరాయాల్లో దాదాపు సగం మనంతట మనం కల్పించుకునేవే! ఫోన్ మోగక్కర్లేదు, చేయి దానంతటదే వెళ్తుంది. కాబట్టి నోటిఫికేషన్లు ఆపండి కానీ, దాంతో సరిపోదు.

ఓ వారం ఇలా చేసి చూడండి. ఫోన్ పక్కగదిలో పెట్టి, పుస్తకం పక్కన ఓ కాగితం ఉంచుకోండి. లేవాలనిపించిన ప్రతిసారీ ఏ పేజీలో, ఏ వాక్యం దగ్గర ఉన్నారో రాయండి. లేవద్దని అనను, రాసి లేవండి. నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది ఆ కాగితం చూసుకుని ఆశ్చర్యపోయారు. సరిగ్గా అర్థంకాని చోట, నిన్న చదివింది గుర్తురాని చోట, ‘ఈసారీ తప్పితే?’ అన్న భయం తగిలిన చోటే మనసు ఫోన్‌ను వెతుక్కుంటుంది. మీదీ అదే అయితే, అక్కడ కావలసింది పట్టుదల కాదు, ఆ పాఠం విడమరిచి చెప్పే తోటి ఉద్యోగి.

ఇంకోటి, రెండు నిమిషాలే కదా అని ఫోన్ చూసొచ్చినా మనసులో కొంత అక్కడే ఉండిపోతుంది. రాసిపెట్టుకున్న ఆ వాక్యం మిమ్మల్ని త్వరగా వెనక్కి తెస్తుంది. అలసిపోయిన రాత్రి గంటకన్నా పొద్దున అరగంట నయం, వీలుంటే.

ఇక మీవారి మాట. మీరు చదువుకుంటున్నప్పుడు ఇంట్లోవాళ్లు ఎన్నిసార్లు పిలుస్తారో ఉత్తరంలో రాయలేదు. కాగితం మీద మాత్రం రాయండి. వారం తర్వాత ఆయనకు చూపించి, ఆ అరగంట ఎవరికి ఏం కావాలన్నా తనే చూసుకోవాలని అడగండి.