ఏఐ వచ్చాక మెడికల్ కోడింగ్ నేర్చుకోవడం దండగా?

మీ తమ్ముడు బీఫార్మసీ అయిపోయి అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ (రోగి జబ్బును, చేసిన వైద్యాన్ని ఇన్సూరెన్స్ క్లెయిమ్ కోసం కోడ్లుగా మార్చే పని) కోర్సులో చేరతానంటున్నాడు, తీరా నేర్చుకున్నాక ఏఐ ఆ ఉద్యోగాన్ని మింగేస్తుందేమోనని మీ టెన్షన్. ఈ లైన్లోనే ఒకసారి నా ఉద్యోగం కళ్లముందు కరిగిపోయింది. అందుకే రాస్తున్నాను.

2004లో పంజాగుట్టలో ఒక ఆఫీసులో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌లో, అంటే డాక్టర్ల మాటలు విని టైప్ చేసే పనిలో చేరాను. అమెరికాలో డాక్టర్లు పగలు చెప్పే డిక్టేషన్ మాకు నైట్ షిఫ్ట్‌లో వచ్చేది. చెవులకు హెడ్‌ఫోన్, కాలి కింద పెడల్. తొక్కితే మాట వస్తుంది, వదిలితే ఆగుతుంది. జీతం లైన్ల లెక్కన. లైనంటే 65 అక్షరాలు. డాక్టరు అన్నది హైపర్‌టెన్షనో హైపోటెన్షనో తేలకపోతే పదిసార్లు వినేవాళ్లం, అప్పటికీ తేలకపోతే ఖాళీ వదిలి, తప్పులు సరిచూసే క్యూఏ టీమ్‌కి పంపేవాళ్లం.

తర్వాత స్పీచ్ రికగ్నిషన్ వచ్చింది. ఒక్కరినీ తీసేయలేదు. మమ్మల్ని ఎడిటర్లన్నారు, ఆ రోజు స్వీట్లు కూడా పంచారు. సాఫ్ట్‌వేర్ టైప్ చేసిందాన్ని వింటూ సరిదిద్దడమేగా అని లైన్ రేటు దాదాపు సగం చేశారు. స్పష్టంగా మాట్లాడే డాక్టరైతే రెట్టింపు లైన్లు అయ్యేవి, గిట్టుబాటయ్యేది. గొణిగే డాక్టరు ఫైలు పడిందా, మొత్తం చెరిపేసి మళ్లీ కొట్టుకోవడమే. రేటు మాత్రం ఆ సగమే. పైగా మేమైతే తెలియని చోట ఖాళీ వదిలేవాళ్లం, సాఫ్ట్‌వేర్ వదలదు. వాక్యంలో చక్కగా ఇమిడే ఏదో ఒక పదం పెట్టేస్తుంది. రాత్రి రెండింటికి ఆ తప్పు కంటికి ఆనదు. ఆనకపోతే కోత మా జీతంలోనే.

అసలు దెబ్బ ఇంకోవైపు నుంచి వచ్చింది. రోగుల రికార్డులను కంప్యూటర్లో పెట్టే ఆసుపత్రులకు, డాక్టర్లకు ప్రోత్సాహకంగా డబ్బిచ్చేలా అమెరికా 2009లో చట్టం చేసింది. డాక్టర్లు చాలావరకు తామే స్క్రీన్ మీద టిక్కులు పెట్టుకోసాగారు. మాకొచ్చే ఫైళ్లు నెలనెలా పలచబడ్డాయి.

నేను కోడింగ్‌లోకి వచ్చింది కూడా అక్కడి రూల్ పుణ్యమే. జబ్బుల కోడ్ల పాత జాబితా ఐసీడీ-9లో దాదాపు 14 వేల కోడ్లుంటే, దాని బదులు వచ్చిన ఐసీడీ-10లో 70 వేల దాకా ఉన్నాయి. మణికట్టు విరిగిందంటే చాలదు, ఏ చెయ్యి, మొదటిసారి వచ్చారా, మళ్లీ చూపించుకోవడానికి వచ్చారా అన్నీ కోడ్‌లో ఉండాలి. ఈ కొత్త జాబితా 2014 అక్టోబరులో అమలవుతుందని అప్పు చేసి కోర్సులో చేరాను. అమెరికా కాంగ్రెస్ ఏడాది వాయిదా వేసింది! ఆ ఏడాది ఇంట్లో నేను పడ్డ మాటలు వేరే కథ. 2015 అక్టోబరు 1న అమలైంది, ఆ ముందు నెలల్లోనే ఉద్యోగం దొరికింది.

ఇప్పుడు మళ్లీ అదే సినిమా చూస్తున్నాను. ఎక్స్‌రే రిపోర్టుల్లాంటి సులువైన వాటికి సాఫ్ట్‌వేరే కోడ్ వేసేస్తోంది, తేల్చలేనివి మా దగ్గరికి వస్తున్నాయి. నాలాంటి పాతవాళ్లకు ఇబ్బంది తక్కువే. కానీ మాకు చేయి తిరిగింది ఆ సులువైన చార్టుల (రోగి రికార్డుల) మీదే. ఫ్రెషర్‌కి అవి లేకపోతే నేరుగా సర్జరీ చార్టు ముందు కూర్చోవాలి. మీ తమ్ముడి విషయంలో నా భయం అదొక్కటే.

బీఫార్మసీ కాబట్టి అనాటమీ, మందుల పేర్లు కొంత వచ్చే ఉంటాయి, అది ప్లస్సే. చేరితే కోడర్లకు సర్టిఫికెట్ ఇచ్చే సీపీసీ పరీక్ష దాకా వెళ్లమనండి, ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ ఎందుకు తిప్పికొడతారో చూసే డినయల్స్ పని కూడా నేర్చుకోమనండి. డెమో క్లాసులో ఒక సర్జరీ చార్టు ఇచ్చి కోడ్ చేయించమని అడగాలి. వంద శాతం ప్లేస్‌మెంట్ అంటూ మాట దాటేస్తే అక్కడ ఫీజు కట్టొద్దు. కట్టినా వాయిదాల్లోనే కట్టమనండి.