21 రోజుల పచ్చి తిండికి 46 వేలా?

ప్రశ్న: మేం నిజాంపేటలో ఉంటాం. నేను, మావారు, ఏడేళ్ల బాబు, అత్తయ్య. ఇద్దరి జీతాలు కలిపి చేతికి 1,15,000 వస్తాయి. ఇంటి లోన్‌కి 41,000, బాబు కాలేజీ చదువు కోసం నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే సిప్‌కి 12,000 పోతాయి. సరుకులకి నెలకి 17,000, బయటి ఆర్డర్లకి 6,000 దాకా అవుతాయి. 21 రోజులు ఎక్కువగా పచ్చివే తిని చూద్దామని ఉంది: పళ్లు, కూరగాయలు, మొలకలు, గింజలు. పాలు, పెరుగు కూడా మానేస్తాను. ఇంటికి తెచ్చిచ్చే ప్యాకేజీ 16,800, జ్యూసర్ 24,000 (నో కాస్ట్ ఈఎంఐ), బాదం, చియా లాంటివి 5,000. నాలుగు నెలలు సిప్ ఆపితే సర్దుకుంటుంది అనుకుంటున్నాను. ఎలాగూ వంట ఖర్చు తగ్గుతుంది కదా! అత్తయ్య కూడా నాతో చేస్తానంటున్నారు. ఆవిడ షుగర్‌కి మాత్రలు వేసుకుంటారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ అత్తయ్యగారి సంగతి. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు ఉన్నట్టుండి అన్నం, రొట్టె మానేస్తే షుగర్ బాగా పడిపోయే ప్రమాదం ఉంది. డాక్టర్‌ని అడగకుండా ఆవిడ ఒక్క పూట కూడా ఇందులోకి దిగకూడదు. మీ లెక్కలన్నిటికంటే ఇది ముఖ్యం కాబట్టి మొదటే చెబుతున్నాను.

ఇక మీ గురించి. ఆరోగ్యంగా ఉన్న మనిషి మూడు వారాలు ఇలా తిని చూడాలనుకోవడంలో తప్పేం లేదు. వద్దని చెప్పను. నా అభ్యంతరమంతా ఆ 45,800 మీద, అంతకంటే ఎక్కువగా సిప్ ఆపడం మీద.

"వంట ఖర్చు తగ్గుతుంది కదా" అన్నారు. అక్కడే లెక్క తప్పింది. మీరు పచ్చివి తిన్నా ఇంట్లో మిగతా ముగ్గురికి కుక్కర్ పెట్టాల్సిందే, పాల ప్యాకెట్లు రావాల్సిందే, గ్యాస్ వెలగాల్సిందే. నలుగురికి 17,000 అంటే మనిషికి రోజుకి 140 రూపాయలు. అందులో సబ్బులు, సర్ఫ్, బాబు పాలు తీసేస్తే, మీరు తినకపోవడం వల్ల మిగిలేది రోజుకి 60, 70 దాటదు. మూడు వారాలకి 1,400 అనుకోండి. అంటే మీ పచ్చి తిండి ఖర్చు దాదాపు అంతా ఇప్పుడున్న ఖర్చు మీద అదనంగా పడేదే. ఉమ్మడి వంటగదిలో ఒక్కరి తిండి మారినప్పుడు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది.

సిప్ విషయం. నాలుగు నెలలకి 48,000. బాబు కాలేజీకి ఇంకా 11 ఏళ్లు ఉంది. ఏటా 10 శాతం చొప్పున పెరుగుతుందనుకుంటే (ఎవరూ గ్యారంటీ ఇవ్వరు, లెక్క కోసం అనుకుందాం) ఆ డబ్బు అప్పటికి సుమారు 1,37,000 అవుతుంది. మూడు వారాల తిండి కోసం దాన్ని వదులుకోకండి. దయచేసి సిప్ జోలికి వెళ్లొద్దు.

జ్యూసర్ వద్దు. నో కాస్ట్ అన్నా లోపల వడ్డీ ఉంటుంది, ఆ మేరకు ధరలో తగ్గిస్తారంతే. కార్డు మీద తీసుకుంటే ఆ వడ్డీ భాగంపై 18 శాతం జీఎస్టీ పడుతుంది, చాలా కార్డులకి ప్రాసెసింగ్ ఫీజు కూడా ఉంటుంది. మీ ప్రయోగం 21 రోజుల్లో అయిపోతుంది, వాయిదాలు మాత్రం నెలల తరబడి వస్తూనే ఉంటాయి. ఇంట్లో మిక్సీ ఉంది. అసలు పండుని పండులాగే తింటే కడుపు నిండుతుంది, పీచు కూడా దక్కుతుంది.

ప్యాకేజీ తప్పదనిపిస్తే ఒక్క వారానికే కట్టండి. నాలుగో రోజే మానేయాలనిపిస్తే మొత్తం కట్టిన డబ్బు వెనక్కి రాబట్టడం కష్టం. నన్నడిగితే అదీ అక్కర్లేదు. రోజుకి 300 పెట్టుకోండి, 21 రోజులకి 6,300. రక్తపరీక్షలకి, విటమిన్ బి12 మాత్రలకి (ఎందుకో చివర్లో చెబుతాను) ఇంకో 2,000. మొత్తం 8,300. బయటి ఆర్డర్లలో మీ వంతు ఎలాగూ ఆగుతుంది, సరుకుల్లో 1,400 మిగులుతుంది. లోటుపడేది రెండు నెలల్లో సర్దుకుంటుంది.

300 ఎలా సరిపోతాయంటారా? ఆదివారం పొద్దున్నే కూకట్‌పల్లి రైతు బజారుకి వెళ్లండి. ఆ రోజు రేట్లు బోర్డు మీద ఉంటాయి, అవి చూసే బేరం. కానీ కిలో రేటు ఒక్కటే చూడకండి, నోట్లోకి వెళ్లేదెంతో చూడండి. అరటిపండు బరువులో దాదాపు మూడో వంతు తొక్కే. దానిమ్మ, అనాసలో పోయేది ఇంకా ఎక్కువ. జామకాయలో పారేసేది దాదాపు ఏమీ ఉండదు, పైగా విటమిన్ సి కివీ కంటే జామలోనే ఎక్కువ. చియాకి బదులు సబ్జా నానబెట్టుకోండి. బాదం తగ్గించి పల్లీలు తీసుకోండి: వంద గ్రాముల పల్లీల్లో సుమారు 25 గ్రాముల ప్రొటీన్, బాదంలో 21. రేటు తేడా మీకు తెలిసిందే. గింజలు ఒకేసారి కావాలంటే బేగంబజార్‌లో చవక.

మొలకల ప్యాకెట్లు కొనకండి. పెసలు రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్లు వంచి తడిబట్టలో మూట కట్టి గిన్నెలో పెట్టండి. మర్నాటికి తెల్లటి మొలకలు బట్టని పొడుచుకుని బయటికి వస్తాయి. కిలో పెసలు రెండు కిలోలు దాటతాయి. రాజ్మా మాత్రం మొలకెత్తించినా పచ్చిగా తినకూడదు, అందులో విషపదార్థం ఉంటుంది, బాగా ఉడికిస్తేనే పోతుంది. శ్రీరామనవమి వడపప్పు గుర్తుందా? నానిన పెసరపప్పు, కొబ్బరి కోరు, పచ్చిమామిడి ముక్కలు. మీ ప్యాకేజీ వాళ్లు డబ్బాలో పెట్టి ఇచ్చేది ఇంతకంటే గొప్పగా ఏమీ ఉండదు.

ఆకుకూరలు రెండు రోజులకి మించి తేవద్దు. నేను ఇళ్ల బడ్జెట్లు చూసేటప్పుడు ఫ్రిజ్ తెరవమని అడుగుతాను. గురువారం కొన్న పాలకూర ఆదివారానికి కవర్‌లో నీరు కారి, అడుగున నల్లగా జారుతూ కనిపిస్తుంది. పచ్చి తిండిలో డబ్బు ఎక్కువగా పోయేది ఇలాగే. కొన్నదాంట్లో ఐదో వంతు పారేస్తే 300 కాస్తా 375 అవుతుంది.

ఇంకో చోటా పోతుంది, అది ఆకలి. వంద గ్రాముల కీరదోసలో 15 కేలరీలే ఉంటాయి, ఒక అరటిపండులో వంద దాకా ఉంటాయి. సలాడ్‌తో రోజంతా గడిపితే రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేతిలోకి వస్తుంది, బిర్యానీ ఆర్డర్ వెళ్తుంది. ఆ రోజు రెండు ఖర్చులూ మీవే. మీరన్నది "ఎక్కువగా" పచ్చివి అని కదా, మరి రాత్రికి ఒక జొన్నరొట్టె, కాస్త పప్పు పెట్టుకోండి. అవి ఇంట్లో ఎలాగూ వండుతారు, పైసా అదనం కాదు.

బి12 మొక్కల ఆహారంలో దొరకదు. మూడు వారాలకి శరీరంలో ఉన్న నిల్వ సరిపోతుంది, అయితే అది ముందే తక్కువగా ఉంటే? అందుకే మొదలుపెట్టకముందే బి12, హిమోగ్లోబిన్ చూపించుకుని డాక్టర్‌తో ఒక మాట మాట్లాడండి. మీరు ఆదాయపు పన్ను పాత విధానంలో కడుతుంటే ముందస్తు ఆరోగ్య పరీక్షల ఖర్చుకి 5,000 వరకు మినహాయింపు ఉంది, రసీదు దాచుకోండి.

6,300 ఒక కవర్‌లో విడిగా పెట్టుకోండి. యూపీఐ వద్దు, నోట్లే తీసి ఇవ్వండి. కవర్ ఖాళీ అయితే ఆ రోజుకి ప్రయోగం ముగిసినట్టే, అది పద్నాలుగో రోజైనా సరే. మొదటి వారం అయ్యాక ఏం కొన్నారో, ఏం పారేశారో రాసి నాకు పంపండి. మిగతా రెండు వారాల లెక్క దాన్నిబట్టి మళ్లీ వేద్దాం.